పూడిక ఎంత తీశారో ఎవరు చెప్పాలి? ప్రభుత్వ ఖర్చు గొడవలు, ప్రజావేగుల గతి

దాళ్వా (రెండో పంట) చేలు కోతకొచ్చే వేళకి ధవళేశ్వరం దగ్గర కాలువలకు నీళ్లు కట్టేస్తారు. అక్కణ్ణుంచి జూన్‌లో మళ్లీ గేట్లెత్తేదాకా, మా గోదావరి జిల్లాల్లో కాలువల అడుగు కంటికి కనిపించే రోజులు అవే. గుర్రపుడెక్క ఎండి గోధుమరంగు చాపలా పడుంటుంది. దాని కింద నల్లటి బురద, అందులో జల్లపిల్లల కోసం దిగిన పిల్లలు. గట్టు మీద ఒక పొక్లెయిన్ నిలబడి అడుగు గీరుతూ ఉంటుంది. ఏడాదికోసారి జరిగే ఈ పూడికతీత, లాకుల మరమ్మతులు, తూముల పనులు అన్నీ ఈ కొద్ది వారాల్లోనే అయిపోవాలి. అయిపోయాక నీళ్లొదులుతారు. ఆ తర్వాత ఎంత లోతు తీశారో చూద్దామన్నా అడుగు కనిపించదు.

ప్రభుత్వ ఖర్చు మీద పార్టీల మధ్య నడిచే గొడవలన్నీ నాకు ఈ కాలువ దగ్గరే అర్థమవుతాయి. అసెంబ్లీలో లక్షల కోట్ల లెక్క, టీవీలో వేల కోట్ల కుంభకోణం, ఊళ్లో మూడు కిలోమీటర్ల చానల్. మూడు చోట్లా అడుగుతున్నది ఒకటే: డబ్బు ఎంత ఇచ్చారు, పని ఎంత జరిగింది, ఆ రెండూ కళ్లారా చూసినవాడు, అంటే ప్రజావేగు, నోరు విప్పితే వాడి గతేమిటి?

రూపాయి కాలువదాకా వచ్చే దారి

ముందు మాటలు విడదీసుకుందాం. చాలా గొడవలు మాటల దగ్గరే మొదలవుతాయి.

రాష్ట్రానికి వచ్చే పన్నులు, అప్పులు అన్నీ ఒక పెద్ద ఖాతాలో పడతాయి. దాన్ని సంచిత నిధి అంటారు. శాసనసభ ఒప్పుకోకుండా అందులోంచి రూపాయి తీయకూడదని రాజ్యాంగం చెబుతోంది. ఏటా బడ్జెట్ తర్వాత ద్రవ్య వినిమయ బిల్లు పాస్ చేసేది అందుకే. ఇది అనుమతి మాత్రమే. బడ్జెట్‌లో పెట్టినంత మాత్రాన ఖర్చయినట్టు కాదు.

ఆ తర్వాత ఒక్కో పనికీ పరిపాలనా ఆమోదం కావాలి, అంటే ఈ పని చేద్దామని ప్రభుత్వం ఒప్పుకోవడం. దాని వెనక సాంకేతిక ఆమోదం, అంటే ఎలా చేస్తే ఎంతవుతుందో ఇంజినీర్లు లెక్క కట్టడం. ఆపైన టెండరు, అగ్రిమెంటు. పని జరుగుతున్నప్పుడు ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజినీరు, కొలతలు తీసి ఎం-బుక్‌లో రాస్తారు. మెజర్‌మెంట్ బుక్, కొలతల పుస్తకం అన్నమాట. ఆయన పైనుండే డీఈ సరిచూస్తారు. ఆ కొలతల మీదే బిల్లు తయారవుతుంది. బిల్లు ఆర్థిక శాఖ ఆన్‌లైన్ వ్యవస్థ సీఎఫ్‌ఎంఎస్‌లోకి ఎక్కుతుంది. ఎక్కినా వెంటనే డబ్బు రాదు, వరసలో ఉంటుంది. కాంట్రాక్టర్లు 'బిల్లు పెండింగ్' అని తలపట్టుకునేది ఇక్కడే.

మంజూరు, కేటాయింపు, పని విలువ, బిల్లు, చెల్లింపు. ఈ ఐదు అంకెలూ ఒకటి కావు. ఒకే పని మీద ఐదు వేర్వేరు అంకెలు చెప్పి ఐదుగురూ నిజమే చెబుతూ ఉండొచ్చు.

ఒక చానల్ లెక్క

ఉదాహరణకి 3 కిలోమీటర్ల పంట చానల్ ఉందనుకుందాం. అడుగు వెడల్పు సగటున 5 మీటర్లు. 60 సెంటీమీటర్ల మందాన పూడిక ఉందని అంచనా వేశారు. 3,000 ను 5 తో, దాన్ని 0.6 తో గుణిస్తే 9,000 ఘనపు మీటర్లు. లెక్క సులువుగా ఉండాలని ఘనపు మీటరుకు 100 రూపాయలు అనుకుందాం. అంచనా 9 లక్షలు.

పనయ్యాక ఒక రైతు గట్టు దిగి కర్రతో కొలిచాడు. 35 సెంటీమీటర్లే తీసినట్టు కనిపించింది. అంటే 5,250 ఘనపు మీటర్లు, 5.25 లక్షల పని. 'మూడు లక్షల డెబ్భై అయిదు వేలు మింగేశారు' అని మర్నాడు వాట్సాప్‌లో తిరిగింది.

మింగారా? ఇంకా తెలీదు. ఎం-బుక్‌లో 35 సెంటీమీటర్లనే రాసి, 5.25 లక్షలే చెల్లించి ఉంటే ఎవరూ ఏమీ తినలేదు. అంచనా ఎక్కువైంది, మిగిలిన డబ్బు ఖర్చు కాలేదు, అంతే. ఎం-బుక్‌లో 60 అని రాసి ఉంటే అది వేరే కథ. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. పూడిక ఎంత తీశారో తెలియాలంటే పనికి ముందు లెవెల్ (అడుగు ఎంత ఎత్తులో ఉందనే కొలత), పని తర్వాత లెవెల్ రెండూ కావాలి. ముందు లెవెల్‌ను పాతిక సెంటీమీటర్లు ఎత్తు రాసేస్తే, తర్వాత లెవెల్ నిజాయతీగా తీసినా లెక్క 60 కి సరిపోతుంది. కాగితం మీద తప్పు కనపడదు. ఆడిటర్ వచ్చి చూసినా కూడికలు, గుణకారాలు సరిగ్గానే ఉంటాయి.

ఆ మొదటి లెవెల్ తప్పని తెలిసేది ఎవరికి? ఆ పూట అక్కడ నిలబడినవాళ్లకి. ఏఈకి, వర్క్ ఇన్‌స్పెక్టరుకి, కొలత కర్ర పట్టుకున్న లస్కరుకి (కాలువ కాపలా చూసే ఉద్యోగికి), పొక్లెయిన్ డ్రైవరుకి. అందుకే ఖర్చు గురించిన చర్చ ఎక్కడ మొదలైనా చివరికి ఈ లోపలి మనిషి దగ్గరికే వస్తుంది.

డెల్టాలో దీని విలువ డబ్బుతో అయిపోదు. కాలువలో పూడిక ఉంటే శివారు భూములకు నీరందదు. మురుగు కోడులో పూడిక ఉంటే నాట్లేసిన వారానికే చేను మునుగుతుంది. 2011 సార్వాలో (తొలి పంటకు) కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు చెప్పిన బాధల్లో, గిట్టుబాటు ధరతోపాటు మురుగు దిగకపోవడం కూడా ఉంది. ఎం-బుక్‌లో ఒక పాతిక సెంటీమీటర్లంటే చేలో మూడు రోజులు నిలిచిన నీళ్లు.

'అవినీతి' అనే ఒక్క మాటలో ఎన్ని ఆరోపణలు

మనం అన్నిటికీ అవినీతి అనేస్తాం. కానీ ఒక్కో ఆరోపణకీ ఒక్కో రకం రుజువు కావాలి.

'ఈ డబ్బు దీనికి ఎందుకు పెట్టారు, దానికి పెట్టాల్సింది కదా' అనేది ప్రాధాన్యాల తగువు. సంక్షేమమా, ప్రాజెక్టులా అనేది ఇదే. దీనికి తీర్పు చెప్పాల్సింది ఓటరు. 'ఒక పద్దు కింద తెచ్చి ఇంకోదానికి వాడారు' అనేది మళ్లింపు. ఆ డబ్బు ఎవరి జేబులోకీ వెళ్లి ఉండకపోవచ్చు, జీతాలకో పింఛన్లకో పోయి ఉండొచ్చు, అయినా సభకు చెప్పిన మాట తప్పినట్టే. 'పద్ధతి పాటించలేదు' అనేది మూడోది. టెండరు లేకుండా నామినేషన్ మీద పనివ్వడం లాంటివి. వరద గట్టు తెగుతుంటే టెండరు పిలిచే టైమ్ ఉండదు కాబట్టి కొన్నిసార్లు అది తప్పనిసరి కూడా. తెలివితక్కువగా పాడుచేయడం ఇంకోటి. చివరిది నేరుగా దొంగతనం.

ప్రతిపక్షంలో ఉన్నవాళ్లు మొదటి నాలుగింటినీ అయిదోదానిలా చూపిస్తారు. అధికారంలో ఉన్నవాళ్లేమో అయిదోదాన్ని మొదటిదానిలా, 'అది మా విధాన నిర్ణయం' అంటారు. సభలో సగం అరుపులు ఈ జారుడు మీదే నడుస్తాయి.

పెద్ద అంకెల దగ్గర ఇదెలా ఉంటుందో చూద్దాం. 2021 జులైలో ప్రభుత్వ ఖర్చుల లెక్క చూసే శాసనసభ ప్రజాపద్దుల సంఘం (పీఏసీ) అప్పటి ఛైర్మన్, తెలుగుదేశం నాయకుడు పయ్యావుల కేశవ్ దాదాపు 41,000 కోట్ల రూపాయల చెల్లింపులకు సరైన బిల్లులు, వోచర్లు లేవని గవర్నరుకు ఫిర్యాదు చేశారు. అవి ఖాతాల మధ్య సర్దుబాట్లు మాత్రమేనని, డబ్బు బయటికి పోలేదని అప్పటి ఆర్థిక మంత్రి బుగ్గన రాజేంద్రనాథ్ జవాబిచ్చారు. ఒకాయన వేలు పెట్టింది పద్ధతి మీద. రెండో ఆయన బదులిచ్చింది దొంగతనం అనే ఆరోపణకి. జనానికి మాత్రం '41 వేల కోట్లు మాయం' అనే ముక్క, 'అంతా అబద్ధం' అనే ముక్క, ఈ రెండే మిగిలాయి. 2024 ఎన్నికల తర్వాత కేశవ్ గారే ఆర్థిక మంత్రి. ఇప్పుడు జవాబులు చెప్పే కుర్చీ ఆయనది.

అప్పు ఎంత అంటే మూడు జవాబులు

2024 జులైలో కొత్త ప్రభుత్వం శ్వేతపత్రాలు పెట్టినప్పుడు రాష్ట్రం మొత్తం అప్పులు, బకాయిలు కలిపి 9.74 లక్షల కోట్లని చెప్పింది. వైఎస్సార్‌సీపీ ఆ లెక్క ఒప్పుకోలేదు. ఇద్దరూ చదువుకున్నవాళ్లే, కాగితాలన్నీ ముందున్నవాళ్లే. మరి అంకె ఎందుకు కలవదు?

ఒక కౌలు రైతును తీసుకోండి. బ్యాంకులో తన పేరున 5 లక్షలు. తమ్ముడి అప్పుకు తను ష్యూరిటీ పెట్టినది 2 లక్షలు. ఎరువుల కొట్లో ఖాతా 1 లక్ష. అతని అప్పెంత? 5 అనొచ్చు. తమ్ముడు కట్టకపోతే తన మెడకే చుట్టుకుంటుంది కాబట్టి 7 అనొచ్చు. కొట్టువాడు ఇంటికొచ్చి అడుగుతున్నాడు కాబట్టి 8 అనొచ్చు. మూడూ నిజాలే.

రాష్ట్రానికీ అంతే. ప్రభుత్వం నేరుగా తెచ్చినది ఒకటి, కార్పొరేషన్లు తెస్తే ప్రభుత్వం గ్యారంటీ ఇచ్చినది ఒకటి, కాంట్రాక్టర్లకూ ఉద్యోగులకూ బకాయి పడ్డది ఒకటి. అధికారంలో ఉన్నప్పుడు ప్రతి పార్టీ 5 దగ్గర ఆగాలనుకుంటుంది. ప్రతిపక్షంలోకి రాగానే 8 దగ్గర మొదలుపెడుతుంది. ఇందులో ఏ రంగు జెండాకీ మినహాయింపు లేదు.

పోలవరం: ఒకే ప్రాజెక్టు, ఎన్నో లెక్కలు

మనకి ఎగువనే ఉన్న పోలవరం ఈ గందరగోళానికి నిలువెత్తు ఉదాహరణ. 2014 విభజన చట్టం దాన్ని జాతీయ ప్రాజెక్టును చేసింది. డబ్బు కేంద్రానిది, కట్టేది రాష్ట్రం. 2017-18 ధరల ప్రకారం 55,548 కోట్ల చిల్లర అంచనాకి కేంద్ర సాంకేతిక సలహా కమిటీ 2019 లో సరేనంది. ఆ తర్వాత కూర్చున్న మరో కమిటీ దాన్ని 47,725 కోట్లకు దించింది. 2024 ఆగస్టులో కేంద్ర క్యాబినెట్ 41.15 మీటర్ల నీటిమట్టం వరకు తొలిదశకు 30,436 కోట్ల అంచనాని, అందులో కొత్తగా 12,157 కోట్ల విడుదలని ఒప్పుకుంది. పూర్తి మట్టం 45.72 మీటర్లు. ఎవరైనా 'పోలవరం ఖర్చు ఇంత' అంటే, ఏ ధరల ప్రకారం, ఏ ఎత్తు వరకు, నిర్వాసితుల పరిహారం కలిపా కలపకా అని అడగకుండా ఆ మాట తప్పో ఒప్పో చెప్పలేం.

2019 లో వచ్చిన వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం రివర్స్ టెండరింగ్ చేసి, అంటే పాత ధర కంటే తక్కువకి మళ్లీ టెండరు పిలిచి, 628 కోట్లు ఆదా చేశామంది. నడుస్తున్న పనిలో కాంట్రాక్టర్‌ను మార్చి కాలం పోగొట్టారని, ఆ జాప్యం ఖరీదు అంతకంటే ఎక్కువని తెలుగుదేశం అంది. తర్వాత వరదలకు డయాఫ్రమ్ వాల్ (డ్యాము కింద నది అడుగున కట్టే గోడ) దెబ్బతిన్నప్పుడు అదే తగువు ఇంకో రూపం ఎత్తింది. కాఫర్ డ్యాములు (పని సాగేందుకు నీటిని ఆపే తాత్కాలిక కట్టలు) పూర్తి చేయకుండా గోడ కట్టడం తప్పని వైఎస్సార్‌సీపీ, కాఫర్ డ్యాముల ఖాళీలు వేళకి పూడ్చకపోవడం తప్పని తెలుగుదేశం. ఇది దొంగతనం తగువు కాదు, పనుల క్రమం గురించిన ఇంజినీరింగ్ తగువు. ఏ నెలలో ఎవరు ఏం సలహా ఇచ్చారు, ఎవరు వద్దన్నారు అనేది ఫైళ్లలో నోట్స్‌గా ఉంటుంది. ఆ నోట్స్ రాసినవాళ్లు ఉద్యోగులు. టీవీ చర్చల్లో వాళ్ల గొంతు మాత్రం వినపడదు.

కాపలాదారులు ఎవరు

ఖర్చయిపోయాక లెక్క చూసేది కాగ్, అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. రాష్ట్రం మీద కాగ్ ఇచ్చే నివేదిక గవర్నరుకు, అక్కణ్ణుంచి శాసనసభకు వెళుతుంది. దాన్ని వరుస వరుసా చదవాల్సింది ప్రజాపద్దుల సంఘం, అదే పీఏసీ. పార్లమెంటులో 1967 నుంచి దీని ఛైర్మన్ కుర్చీని ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. ఖర్చు పెట్టినవాడే లెక్క చూడకూడదని.

ఆనవాయితీ చట్టం కాదు. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ పీఏసీ ఛైర్మన్‌గా భీమవరం ఎమ్మెల్యే, జనసేనకు చెందిన పులపర్తి రామాంజనేయులు వచ్చారు. సంప్రదాయం తప్పారంటూ వైఎస్సార్‌సీపీ ఎన్నికను బహిష్కరించింది. సభ్యుల్ని ఎన్నుకునేది ఓట్లతో, 11 మంది ఎమ్మెల్యేలతో ఒక్క స్థానానికీ బలం సరిపోదు, మేమేం చేయాలి అన్నది అధికార పక్షం మాట. నిబంధన చూస్తే రెండోవాళ్లది సరిపోతుంది, ఆ కుర్చీ ఎందుకు పుట్టిందో చూస్తే మొదటివాళ్లది సరిపోతుంది.

కాగ్ చూసేది చాలామటుకు కాగితాలు, అదీ పనయిన ఏడాదికో రెండేళ్లకో. మన చానల్ లెక్కలో ముందు లెవెలే తప్పయితే కాగ్‌కి దొరకదు.

వేగు అనే మాటలోనే ఉంది తిరకాసు

లోపలి తప్పును బయటపెట్టేవాణ్ణి ఇంగ్లీషులో విజిల్‌బ్లోయర్ అంటారు. మన పత్రికలు ప్రజావేగు అని రాస్తాయి. వేగు అంటే గూఢచారి, శత్రువు ఇంట్లో చొరబడినవాడు. నిజానికి ఇతను చొరబడలేదు. అదే ఆఫీసులో, అదే కుర్చీలో కూర్చుని, తన ముందు జరిగినది చెబుతున్నాడు. పేరే అనుమానంగా ఉంటే పై అధికారి చూపు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

మూడు రకాల మనుషుల్ని మనం ఒకే గాటన కట్టేస్తాం. లోపల పనిచేస్తూ ఆధారంతో చెప్పేవాడు అసలు ప్రజావేగు. బయట ఉండి సమాచార హక్కు కింద కాగితాలు తీసేవాడు కార్యకర్త. రాజకీయ లాభం కోసం ఫైలు జిరాక్సులు పత్రికలకు జారవిడిచేవాడు మూడోవాడు. ముగ్గురూ చెప్పేది నిజమే కావచ్చు. కానీ పోగొట్టుకునేది ఎక్కువ మొదటివాడికే.

దుబే ఉత్తరం

రావులపాలెం, తణుకు మీదుగా మనం రోజూ తిరిగే చెన్నై-కోల్‌కతా హైవే, నాలుగు మహానగరాల్ని కలిపే స్వర్ణ చతుర్భుజి ప్రాజెక్టులో ఒక ముక్క. ఆ ప్రాజెక్టులోనే ఇంకో ముక్క మీద, జార్ఖండ్ కోడెర్మా దగ్గర, సత్యేంద్ర దుబే అనే కుర్ర ఇంజినీరు పనిచేసేవాడు. కాన్పూర్ ఐఐటీలో చదివాడు. పెద్ద కాంట్రాక్టర్లు పని తీసుకుని చిన్నవాళ్లకు సబ్‌కాంట్రాక్టు ఇచ్చేస్తున్నారని, నాణ్యత ఉండటం లేదని 2002 నవంబరులో ప్రధాని కార్యాలయానికి ఉత్తరం రాశాడు. తన పేరు రహస్యంగా ఉంచమని అందులోనే కోరాడు. ఆ ఉత్తరం అతని పేరుతో సహా శాఖలన్నీ తిరిగింది. 2003 నవంబరు 27 న గయలో అతన్ని కాల్చి చంపారు.

ఇక్కడ ఒక సంగతి నిజాయతీగా చెప్పాలి. దర్యాప్తు చేసిన సీబీఐ ఇది దారిదోపిడీలో జరిగిన హత్య అని తేల్చింది. 2010 లో ముగ్గురికి శిక్ష పడింది. చాలామందికి ఆ వివరణ నమ్మబుద్ధి కాలేదు. కోర్టులో నిలిచింది మాత్రం అదే. హత్యకు కారణం ఏదైనా, పేరు దాచమన్న మనిషి పేరు ఆఫీసులన్నీ తిరిగిందన్నది మాత్రం వివాదం లేని నిజం. దేశంలో ప్రజావేగుల రక్షణ గురించి చర్చ మొదలైంది దాని మీదే. ఆ కోపంలోంచే 2004 ఏప్రిల్‌లో కేంద్రం ఒక తీర్మానం తెచ్చింది. ఫిర్యాదుదారు పేరు దాచి విచారించే బాధ్యత కేంద్ర విజిలెన్స్ కమిషన్‌కు ఇచ్చింది. అది కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు, కేంద్ర సంస్థలకు సంబంధించిన ఫిర్యాదులకే. ఆ మరుసటి ఏడాది, 2005 నవంబరులో, కల్తీ పెట్రోలు పట్టుకున్న ఇండియన్ ఆయిల్ అధికారి మంజునాథ్‌ను లఖీంపూర్ ఖేరీలో చంపేశారు.

చట్టం ఉంది, అమల్లో లేదు

ప్రజావేగుల రక్షణ చట్టం 2011 డిసెంబరులో లోక్‌సభలో, 2014 ఫిబ్రవరిలో రాజ్యసభలో పాసైంది. మే నెలలో రాష్ట్రపతి సంతకం పడింది. చదివితే బాగానే ఉంటుంది. ఉద్యోగే కానక్కర్లేదు, ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు. రాష్ట్ర ఉద్యోగుల సంగతి రాష్ట్ర విజిలెన్స్ కమిషన్ చూస్తుంది. ఫిర్యాదు చేసినవాడి పేరు బయటపెడితే మూడేళ్ల వరకు జైలు. వేధించారని అతనంటే, వేధించలేదని రుజువు చేసుకోవాల్సిన భారం ప్రభుత్వ సంస్థ మీదే. అయితే ఆకాశరామన్న ఉత్తరాలు చెల్లవు, పేరు రాయాల్సిందే. ఏడేళ్లు దాటిన విషయం తీసుకోరు. తెలిసి తెలిసి అబద్ధపు ఫిర్యాదు చేస్తే రెండేళ్ల వరకు జైలు. వేధింపు అంటే ఏమిటో మాత్రం చట్టం నిర్వచించలేదు.

ఇంత చేసి, ఆ చట్టం ఫలానా తేదీ నుంచి అమలు అనే నోటిఫికేషన్ ఇవ్వలేదు. దేశ భద్రతకు సంబంధించిన సమాచారం బయటపడకుండా కట్టుదిట్టం చేయాలంటూ కేంద్రం 2015 లో సవరణ బిల్లు తెచ్చింది. పది రకాల సమాచారం ఫిర్యాదులో ఉండకూడదంది. లోక్‌సభ ఒప్పుకుంది. రాజ్యసభలో ఆగిపోయి, 2019 లో లోక్‌సభ రద్దుతో ఆ బిల్లుకు కాలం చెల్లింది. అసలు చట్టం ఇది రాస్తున్న నాటికి కూడా కాగితం మీదే ఉంది.

సవరణ కోరినవాళ్ల వాదన కొట్టిపారేసేది కాదు. రక్షణ కొనుగోళ్ల కాగితాలు ఫిర్యాదు పేరుతో ఎక్కడెక్కడికో పోతే ప్రమాదమే. ఎదుటివాళ్ల వాదన కూడా అంతే బరువైనది. ఫిర్యాదు వెళ్లేది పత్రికకి కాదు, చట్టం చెప్పిన అధికారికి. ఆయనకి కూడా చెప్పకూడదంటే ఇక ఎవరికి చెప్పాలి? రఫేల్ యుద్ధవిమానాల కొనుగోలు వ్యవహారంలో 2019 లో ఇదే చర్చ సుప్రీంకోర్టుకు వచ్చింది. పత్రికల్లో వచ్చిన పత్రాలు దొంగిలించినవి, చూడొద్దని కేంద్రం అంది. ఆ అభ్యంతరాన్ని ఏప్రిల్ 10 న కోర్టు తోసిపుచ్చి పత్రాలు చూస్తానంది. చూశాక, నవంబరులో రివ్యూ పిటిషన్లను కొట్టేసింది. వినడం వేరు, ఒప్పుకోవడం వేరు. ప్రజావేగు అడిగేది వినమనే.

దెబ్బ ఎలా పడుతుంది

ఎవరూ వచ్చి 'నువ్వు నిజం చెప్పావు కాబట్టి శిక్ష' అనరు. నడవడిక నియమాల ప్రకారం ప్రభుత్వాన్ని బహిరంగంగా విమర్శించకూడదు, అనుమతి లేకుండా కాగితాలు బయటికి ఇవ్వకూడదు. చెప్పిన విషయం మీద కాక, చెప్పిన పద్ధతి మీద చార్జిమెమో వస్తుంది. సస్పెన్షన్ చట్టం దృష్టిలో శిక్ష కాదు, విచారణ కోసం పక్కన పెట్టడం మాత్రమే. కానీ నెల తిరిగేసరికి వచ్చేది సగం జీతం. ఇంట్లో ఈఎంఐ, పిల్లల ఫీజు సగానికి తగ్గవు. రిటైరయ్యే నాటికి విచారణ తేలకపోతే పింఛను ప్రయోజనాలు ఆగుతాయి. ఆ టెన్షన్ చూసిన పక్క సీటు మనిషి మళ్లీ నోరెత్తడు.

నర్సీపట్నం ఏరియా ఆసుపత్రి మత్తు డాక్టరు కె. సుధాకర్ 2020 ఏప్రిల్‌లో, కొవిడ్ మొదలైన రోజుల్లో, మాస్కులు ఇవ్వడం లేదని కెమెరాల ముందు అన్నారు. సస్పెండ్ చేశారు. ప్రతిపక్షం చెబితే మాట్లాడారని ప్రభుత్వ పక్షం ఆరోపించింది. మే నెలలో విశాఖపట్నం రోడ్డు మీద పోలీసులు ఆయన చేతులు వెనక్కి కట్టిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. తాగి గొడవ చేశారని పోలీసులు అన్నారు. హైకోర్టు కేసును సీబీఐకి ఇచ్చింది. 2021 మే 21 న ఆయన గుండెపోటుతో పోయారు. ఆయన ప్రవర్తన గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు. మాస్కులు ఉన్నాయా లేవా అనేది స్టాకు రిజిస్టరు చూస్తే తేలే ప్రశ్న. రెండు నెలలు రాష్ట్రం ఆ మనిషి గురించి మాట్లాడింది, రిజిస్టరు గురించి మాట్లాడినవాళ్లు తక్కువ. నన్ను ఇప్పటికీ కలచివేసేది అదే.

ప్రభుత్వాల వైపు నుంచి కూడా ఒక మాట ఉంది. ప్రతి ఫిర్యాదూ నిజం కాదు. టెండరు పోయిన కాంట్రాక్టరు కాగితాలు అందించి ఉద్యోగి చేత రాయించిన సందర్భాలుంటాయి. బదిలీ ఆర్డరు రాగానే గుర్తొచ్చే అక్రమాలుంటాయి. కులం, యూనియన్, పార్టీ కలిసిపోయి ఉంటాయి. నిజాయతీగా నిర్ణయం తీసుకున్న అధికారి ఏళ్ల తరబడి కేసుల్లో నలిగిపోతే, రేపు ఏ ఇంజినీరూ వరద గట్టు మీద నిలబడి నిర్ణయం తీసుకోడు. 2018 లో అవినీతి నిరోధక చట్టంలో 17-ఏ అనే సెక్షన్ పెట్టింది ఇందుకే. విధి నిర్వహణలో తీసుకున్న నిర్ణయం మీద దర్యాప్తుకు ముందస్తు అనుమతి కావాలంది. స్కిల్ డెవలప్‌మెంట్ కేసులో చంద్రబాబు నాయుడు 2023 లో రాజమహేంద్రవరం సెంట్రల్ జైలులో ఉన్నప్పుడు ఈ సెక్షన్ పేరు మన ఊళ్లలో టీ కొట్లదాకా వచ్చింది. ఆ కేసుకు 17-ఏ వర్తిస్తుందా అన్నదాని మీద 2024 జనవరిలో సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు రెండు రకాలుగా తీర్పిచ్చారు. అంత పెద్దవాళ్లకే కుదరని ఏకాభిప్రాయం ఇది.

అయినా ఒకటి గమనించాలి. ఉద్దేశం చెడ్డదైనంత మాత్రాన ఫిర్యాదు అబద్ధం కాదు. కోపంతో చెప్పినా, పగతో చెప్పినా, ముందు లెవెల్ తప్పయితే తప్పే.

ఊరంతా చూస్తే

ఒక్కడు చెబితే ఒక్కడి మీదే పడుతుంది. ఊరంతా చెబితే? 2006 నుంచి మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు చేసిన సామాజిక తనిఖీ ఈ ఆలోచనే. మస్తరు రోల్ (కూలీల హాజరు పట్టీ) పట్టుకుని ఇంటింటికీ వెళ్లి 'నువ్వు ఇన్ని రోజులు పనికొచ్చావా, ఇంత డబ్బు అందిందా' అని అడిగి, తేలినది అందరి ముందూ చదివి వినిపించడం. దేశానికి ఇందులో దారి చూపింది ఆంధ్రప్రదేశే. చెప్పినవాడి పేరు దాచాల్సిన పని లేదు, ఎందుకంటే చెప్పింది అందరూ. తేల్చిన సొమ్ము తిరిగి వసూలు చేయడం మాత్రం నత్తనడకే. టెండరు మీద పెద్ద కాంట్రాక్టరు చేసే కాలువ పనులకు ఇలాంటి ఇంటింటి తనిఖీ లేదు.

ఇక మిగిలింది సమాచార హక్కు. పది రూపాయలు కట్టి ఎం-బుక్ నకలు అడగొచ్చు, 30 రోజుల్లో ఇవ్వాలి. మన చానల్‌కి దాన్ని అన్వయించి చూడండి. మే 10 న దరఖాస్తు పెట్టారనుకుందాం. గడువు జూన్ 9 కి తీరుతుంది. కాలువలకు నీళ్లు మామూలుగా జూన్ మొదటి వారం అటూ ఇటూగా వదులుతారు. జవాబు రాకపోతే మొదటి అప్పీలు, దానికి ఇంకో 30 నుంచి 45 రోజులు. జులై గడిచిపోతుంది, సార్వా నాట్లు పడుతుంటాయి. ఎం-బుక్ నకలు చేతికొచ్చే వేళకి ఆ చానల్‌లో నడుం లోతు నీళ్లు పారుతుంటాయి. కర్ర పట్టుకుని దిగి కొలిచేందుకు అడుగు దొరకదు.

ఆ అడుగు చూసినవాళ్లు ఊళ్లోనే ఉంటారు. లస్కరు పొద్దున్నే సైకిలు మీద గట్టు వెంబడి వెళుతూ కనిపిస్తాడు. పొక్లెయిన్ డ్రైవరు ఇంకో పనికి వెళ్లిపోయి ఉంటాడు. ఏఈ వచ్చే ఏడు కాలువలు కట్టేసినప్పుడు చేయాల్సిన పనుల అంచనాలు రాసుకుంటూ ఉంటాడు. ప్రజావేగుల రక్షణ చట్టం ప్రకారం ముగ్గురూ ఫిర్యాదు చేయొచ్చు, డ్రైవరు కూడా. అది అమల్లోకి వస్తే.